రెండు చేతులు, ఎంతమంది రోగులు?

2022 సెప్టెంబరు 14న మన బళ్ళారి విమ్స్ ఆసుపత్రిలో కరెంటు పోయింది. ఆ రోజు ఐసీయూలో రోగులు చనిపోయారు. కారణం తేల్చడానికి ప్రభుత్వం విచారణ కమిటీ వేసింది. ఆ వార్త తలుచుకుంటే నాకొక ప్రశ్న వస్తుంది.

వెంటిలేటరు ఆగిపోతే నర్సు అంబు బ్యాగును చేత్తో నొక్కుతూ ఊపిరి అందించాలి. ఒకరికి నొక్కుతూ ఇంకొకరి దగ్గరికి పోలేదు. అందుకే వెంటిలేటరు మీదున్న ప్రతి రోగికీ ఒక నర్సు ఉండాలంటారు. ఎక్కడైనా ముగ్గురికి ఒక్కరే ఉంటే ఆమె ఎవరిని వదలాలి? ఎవరిని వదిలినా ఆ తప్పు అంతమందిని ఆమెకు అప్పగించినవాళ్ళదే అని నా అభిప్రాయం.

మనం నర్సులను దేవతలంటాం. దేవతకు అలసట ఉండదు, మనిషికి ఉంటుంది. పొగడ్త కన్నా ముందు ఆమెకు తోడుగా ఇంకో నర్సును ఇవ్వడమే న్యాయం.