మూడు రాత్రుల మడి

కంభం చెరువు కింద వరి కోతలైపోయి గడ్డి వాములకెక్కాక, మాగాణి కొన్నాళ్లు ఖాళీగా పడి ఉంటుంది. పుష్యమాసపు చలిలో గొర్రెల మంద గట్టెక్కేది అప్పుడే. ముందు ఒక మనిషి వస్తాడు, భుజాన గొంగడి, చేతిలో కర్ర. చేను గలాయన గట్టు మీదే ఎదురుపడతాడు.

“ఏమన్నా, ఈ ఏడు మా చేలో ఎన్ని రాత్రులు పెడతావు?”

“మూడు పెడతాలే అన్నా. పడమటి మడిలో రెండు, బోరు కాడ ఒకటి.”

బేరం అంతే. రాత్రికింత అని డబ్బో వడ్లో మాట్లాడుకుంటారు. ఇచ్చేది రైతు, పుచ్చుకునేది కాపరి. ఊరుగాని ఊరు నుంచి వచ్చి చేలో దిగినవాడికి చేను గలవాడే ఎదురిచ్చే ఏర్పాటు ఇది. మంద పడుకున్న చోట పెంటికలు రాలతాయి, మూత్రం నేలలోకి దిగుతుంది, తెల్లవార్లూ గిట్టల తొక్కిడికి రెండూ మట్టిలో కలుస్తాయి. మందగట్టిన మడి మరుసటి పైరుకు ఎలా లేస్తుందో రైతుకు తెలుసు. అందుకే ఏ మడిలో ఏ రాత్రి అన్నది అంత పట్టుగా మాట్లాడుకుంటాడు.

పొద్దు వాలేలోపు కాపరి మడి చుట్టూ కట్టెలు పాతి వల బిగిస్తాడు. వెనకటి రోజుల్లో ముళ్లకంప లాగేవాళ్లు, ఇప్పుడు నైలాన్ వల వచ్చింది. నాలుగు రోజుల గొర్రెపిల్లల్ని వెదురు గంప కింద మూస్తాడు. మూడు రాళ్లు పేర్చి సంగటి కుండ ఎక్కిస్తాడు. కుక్క గాలివాలు చూసుకుని పడుకుంటుంది. ఇటువైపు మందలు ఎక్కువగా నెల్లూరు జాతివి. ఒళ్లంతా తెల్లగా ఉంటే పల్ల, మూతి మీద, కళ్ల చుట్టూ నల్లమచ్చలుంటే జోడిపి, ఎర్రగా ఉంటే దొర. ఈ జాతి గొర్రెకు ఒంటి మీద వెంట్రుకే తప్ప ఉన్ని ఉండదు. వందల గొర్రెలు మేపే మనిషి కప్పుకునే గొంగడి వేరే సీమ గొర్రె ఇచ్చినది, డబ్బు పెట్టి కొన్నది.

ఈ మూడు రాత్రులూ ఆ కాపరి ఆ మడిలో ఉన్నట్టా, ప్రయాణంలో ఉన్నట్టా? సొంత ఊళ్లో అతనికి ఇల్లుంది, తలుపుంది, రేషన్ కార్డు ఉంది. ఏడాదిలో ఆ తలుపు వెనక పడుకునే రాత్రుల కన్నా ఇతరుల చేలల్లో పడుకునే రాత్రులే ఎక్కువ. ఉండటం అంటే ఏమిటన్న ప్రశ్న తర్కశాస్త్రం చదివినవాళ్లకే పుట్టేది అనుకుంటారు. మార్కాపురం, గిద్దలూరు వైపు అది ఏటా చలికాలంలో వల, కట్టెలు మోసుకుని గట్టెక్కి వస్తుంది. ఈ నేలకు అది కొత్తదీ కాదు.

కంభం చెరువును నింపే గుండ్లకమ్మే దిగువకు సాగి దొనకొండ మండలం చందవరం పక్కగా పోతుంది. అక్కడి గుట్ట మీద శాతవాహనుల కాలపు బౌద్ధ స్తూపం ఉంది. 1964లో పురావస్తు పరిశోధకుడు వేలూరి వెంకట కృష్ణశాస్త్రి కంటపడింది, 1970లలో తవ్వకాలు జరిగాయి. రెండు అంతస్తుల వేదికతో లేచిన మహాస్తూపం, చుట్టూ భిక్షువుల ఆరామం. ఇల్లు విడిచిపెట్టిన వాళ్లకు మళ్లీ ఇటుకల కట్టడం ఎందుకన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. జవాబు వానలో ఉంది. భిక్షువుల నియమావళి అయిన బౌద్ధ వినయం చెప్పే సంగతి ఇది: వానాకాలంలోనూ భిక్షువులు తిరుగుతూనే ఉంటే, మొలకెత్తిన పచ్చికను, చిన్న చిన్న ప్రాణులను తొక్కేస్తున్నారని జనం తప్పుపట్టారు. దాంతో ఆషాఢ పున్నమి దాటాక మూడు నెలలు ఒకేచోట ఉండాలన్న నియమం వచ్చింది. మధ్యలో తప్పనిసరి పని పడితే ఏడు రోజులకు మించకుండా వెళ్లి రావచ్చు. వైదిక సన్యాసుల చాతుర్మాస్యానికీ కారణం ఇదే. ఊరూరా తిరగవలసిన యతి వ్యాస పూర్ణిమనాడు, ఈ దారుల నిండా ప్రాణులున్నాయి గనుక ఇక్కడ ఆగుతానని, మీకు ఇబ్బంది లేకపోతే ఉంటానని ఊరివాళ్లతో చెబుతాడు. వాళ్లు ఉండమంటారు. అప్పుడే వ్రతం మొదలు.

ఇక్కడ చూడవలసింది ఆ అడగటాన్ని. సర్వం వదిలిన మనిషి, ఎవరికీ ఏమీ బాకీ లేని మనిషి, నాలుగు నెలలు ఒక చూరు కింద కూర్చోవడానికి గృహస్థును అడుగుతున్నాడు. అడిగేటప్పుడే లేచిపోయే రోజు కూడా ఖాయమైపోతుంది. బౌద్ధంలో ఇంకో మెట్టు ఉంది. వర్షావాసమనే ఈ వానాకాలపు నివాసం ముగిసే రోజున ప్రతి భిక్షువూ సాటి భిక్షువుల ముందు కూర్చుని, ఈ మూడు నెలల్లో నాలో మీరు చూసిన, విన్న, అనుమానించిన తప్పులుంటే చెప్పమని కోరాలి. లెక్క చెప్పుకోకుండా మూట కట్టకూడదన్నమాట. ఇన్ని నియమాలు మనసా వాచా పాటించినవాళ్ల నేల అది. ఆ చందవరం నుంచే ఒక శిల్పాన్ని, బుద్ధుణ్ణి కొలిచే భక్తులున్న పలకను, దొంగలు ఎత్తుకుపోయారు. అది ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ దాకా చేరి, 2016లో మన దేశానికి తిరిగి వచ్చింది. అడిగి ఉండటం నేర్పిన గుట్ట మీది రాయిని అడగకుండా తీసుకుపోయారు. తలుచుకుంటే కడుపు రగిలే సంగతి.

చందవరానికి ఉత్తరాన త్రిపురాంతకం ఉంది. శ్రీశైలానికి తూర్పు ద్వారం. ఇక్కడ ప్రశ్న ఇంకో రూపం తీసుకుంటుంది. కొండ మీది మల్లికార్జునుడు కదలని లింగం, స్థావరం. వీరశైవులు కదిలే శివుణ్ణి కూడా నమ్మారు. మెడలో ఇష్టలింగం, ఊరూరా తిరిగే జంగముడు. గురువుతో, లింగంతో సమానంగా జంగమానికి పీట వేశారు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణం పేరుతో శ్రీశైల యాత్రకు ఒక భాగమే కేటాయించాడు. కదలని దేవుడి కోసం కదిలే జనం గురించి అంత విస్తారంగా రాశాడంటే, నడకను అతను పూజ కన్నా తక్కువగా చూడలేదనే అనుకోవాలి. నేటికీ శివరాత్రికి పెద్దదోర్నాల మీదుగా జనం కొండకు సాగుతూనే ఉంటారు. ఇక నల్లమల చెంచులు మల్లన్నను తమ అల్లుడంటారు. ఎంత పెద్ద మాట! కొండకు అధిపతి అని లోకమంతా మొక్కే దేవుడు, ఆ అడవి బిడ్డల లెక్కలో పిల్లనిచ్చి నిలుపుకున్న బయటివాడు. దేవుడికీ ఇక్కడ ఉండటానికి ఒక వరస కావలసి వచ్చింది.

వరస కుదరనిచోట ఏమవుతుందో చెప్పేది కాటమరాజు కథ. గొల్లలు తరతరాలుగా కొలిచే వీరుడు, కొమ్మువారు రాత్రుళ్లు పాడే కథ. తంగిరాల వెంకట సుబ్బారావు ఈ గాథలను ఊరూరా సేకరించి ప్రచురించకపోతే చాలాభాగం పాడేవాళ్లతోనే పోయేది. కథ పదమూడో శతాబ్దం నాటిది. ఇవతల కరువొచ్చింది. కాటమరాజు ఆవుల మందలతో దక్షిణానికి, నెల్లూరు నల్లసిద్ధిరాజు సీమకు దిగాడు. ఇద్దరికీ ఒడంబడిక కుదిరింది: పచ్చిక ఆవులకు, మేతపన్నైన పుల్లరి కింద, పుట్టిన కోడెదూడలు రాజుకు. రెండు పక్కలా న్యాయమైన మాటే. వచ్చినవాడు అడిగాడు, ఉన్నవాడు ఒప్పుకున్నాడు, చెల్లించేదేమిటో తేలింది. ఆ తర్వాతే చెడింది. రాజు ప్రియురాలి చిలుక గొల్లల చేతిలో చచ్చింది, ఆమె పంపిన వేటగాళ్ల చేతుల్లో ఆవులు చచ్చాయి. మందను కాపాడవలసినవాడే మాట తప్పాడు గనుక పుల్లరి కట్టనన్నది కాటమరాజు పక్షం. గడ్డి మేసింది నిజం గనుక కట్టవలసిందే అన్నది రాజు పక్షం. పాలేటి ఒడ్డున పంచలింగాల దగ్గర యుద్ధమైంది. నెల్లూరు పక్షాన ఖడ్గతిక్కన అక్కడే పడిపోయాడని చెబుతారు.

ఈ కథను పౌరుషగాథగా వింటారు, వీరుల పేర్లు చెప్పి ఒళ్లు పులకరిస్తారు. దాని గుండెకాయ మాత్రం ఒక కౌలు తగవు. ఒక కాలానికి వచ్చి ఉన్నవాడు నేలకు ఏం బాకీపడతాడు? నేల గలవాడు వచ్చినవాడికి ఏం బాకీపడతాడు? పచ్చిక ఒక్కటే ఇచ్చి రక్షణ ఇవ్వకపోతే ఆతిథ్యం ఇచ్చినట్టేనా? అన్ని ప్రాణాలు పోయాక కూడా కథ ఈ ప్రశ్నలకు తీర్పు చెప్పదు. పాడేవాళ్లు కాటమరాజు వైపు నిలబడతారు, వినేవాళ్లలో రైతులు కొందరు లోలోపల రాజు వైపు తూగుతారు. మార్కాపురం పేరు వెనకా ఒక గొల్ల స్త్రీ ఉందని స్థలపురాణం. చెన్నకేశవుణ్ణి కొలిచిన మారిక పేరనే ఇది మారికాపురమైందట. మంద వెంట తిరిగే కులపు ఆడపడుచు పేరు ఒక స్థిరమైన ఊరికి నిలిచింది.

ఇదే సంగతి భూగోళానికి అవతల ఇంకో వేషంలో ఉంది. అమెరికాలో ఆరిజోనా ఎడారిలో క్వార్ట్జ్‌సైట్ అని చిన్న ఊరు. 2020 జనాభా లెక్కల్లో రెండున్నర వేల లోపే మనుషులు. చలికాలం వస్తే ఉత్తరాది మంచు నుంచి, కెనడా నుంచి, ఆర్వీలనే ఇంటిబండ్లలో లక్షల మంది ఆ దారి పడతారు, ఎక్కువమంది ఉద్యోగ విరమణ చేసినవాళ్లు. ఊరి పక్కనే లా పోసా అనే చోట ప్రభుత్వ భూమి ఉంది. సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకా అక్కడ బండి నిలుపుకోవచ్చు, సీజనంతటికీ కలిపి ఒక రుసుము కడితే చాలు. వచ్చినవాళ్లు మెట్లు దించుతారు, పందిరిగుడ్డ చాపుతారు, గుమ్మం ముందు రాళ్లు పేర్చి ముంగిలి గీసుకుంటారు. పక్కబండి ముసలాయన నిరుడు కూడా ఇక్కడే ఉన్నాడా అని ఆరా తీస్తారు. ఏప్రిల్ నడిమికి ఎడారి మళ్లీ ఖాళీ. ఆ ముంగిలి రాళ్లలో ఉన్న ఆశకూ కంభం మాగాణిలోని మూడు పొయ్యిరాళ్లకూ పెద్ద తేడా కనిపించదు. తేడా వేరేచోట ఉంది. అక్కడ మురుగంతా బండి అడుగున తొట్టిలో పట్టి, కేటాయించిన చోటికి మోసుకెళ్లి వదలాలి. జాడ మిగల్చకుండా వెళ్లటం అక్కడి మర్యాద. ఇక్కడ కాపరి మంద జాడ మిగల్చటమే అతని విలువ. మడి నల్లబడకపోతే రైతు మరుసటేడు పిలవడు. ఒకే ధర్మానికి ఎడారిలో ఒక ముఖం, మాగాణిలో ఒక ముఖం.

స్థిరంగా ఉన్నామనుకునేవాళ్ల సంగతేమిటి? ఈ పడమటి తాలూకాల చరిత్రే నిలకడగా లేదు. మార్కాపురం, గిద్దలూరు 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉన్నాయి. ఆ ఏడు ఒంగోలు జిల్లా ఏర్పడి, తర్వాత దానికి ప్రకాశం పేరొచ్చింది. ఇల్లు కదలకుండానే మనుషులు జిల్లా మారారు. వెలిగొండ ప్రాజెక్టు సంగతి ఇంకా బరువైనది. నల్లమల కింద సొరంగాలు తొలిచి శ్రీశైలం నీళ్లు ఇటు తేవాలని 1996లో శంకుస్థాపన చేశారు. కరువుతో, ఫ్లోరైడ్ నీళ్లతో వేసారిన సీమకు అది ప్రాణాధారం. ఆ నీళ్లు నిలవాలంటే సుంకేసుల, గొట్టిపడియ, కలనూతల వంటి ఊళ్లు లేవాలి. తాతల నాటి ఇళ్లు, గుడులు, సమాధులు. మంద కాపరిని చూసి జాలిపడిన ఇంటివాళ్లు ఏళ్ల తరబడి మూట సగం కట్టుకుని బతికారు. కొత్త చూరు వేయాలా వద్దా, వేపమొక్క నాటాలా వద్దా అన్న మీమాంస నడిమి వాకిట్లో కూర్చుంది. కాపరికి ఆ బాధ లేదు. మూడు రాత్రులని అతనికి చెప్పారు. వీళ్లకు ఎన్ని రాత్రులో ఎవరూ చెప్పలేదు. గడువు తెలియని ఇల్లు, గడువు తెలిసిన వల కన్నా బరువు.

యతి ఊరివాళ్లను అడగటంలో, కాటమరాజు పుల్లరి ఒప్పుకోవటంలో, లా పోసా రుసుములో, గట్టు మీది బేరంలో నడిచేది ఒక్కటే మాట: ఎన్నాళ్లో చెప్పు, ఏం విడిచి వెళతావో చెప్పు, ఉండు. ఊళ్లు లేపేటప్పుడు జరగనిది ఈ మాటే. నీళ్లు రావలసిందే. అయినా తరలించేవాళ్లు గుమ్మం ముందు నిలబడి అడిగి, గడువు చెప్పి, ఆ గడువుకు కట్టుబడి ఉండాలి. సన్యాసి పాటించిన మర్యాద ఒక రాజ్యం పాటించలేనంత పెద్దదేమీ కాదు.

మూడో తెల్లవారుజాము. చెరువు మీద నుంచి మంచు చేలల్లోకి దిగి ఉంది. కాపరి వల విప్పి కట్టెల మీద చుడతాడు. గంప ఎత్తితే పిల్లలు తూలుతూ తల్లుల కేసి పరుగెడతాయి. ఒకటి కుంటుతుంటే ఎత్తి భుజాన వేసుకుంటాడు. పొయ్యి మీద నీళ్లు చల్లి, రాళ్లు గట్టుకు చేరుస్తాడు. రైతు వచ్చి మడిలోకి దిగి, పిడికెడు మట్టి తీసి నలిపి వాసన చూస్తాడు. జేబులోంచి డబ్బు తీసి రెండుసార్లు లెక్కపెట్టి ఇస్తాడు.

“మళ్లీ ఏడు వస్తావా?”

“వానలు పడితే వస్తా అన్నా. నువ్వు రమ్మంటే.”

“రా. బోరు కాడ రెండు రాత్రులు పెట్టు.”

మంద గట్టెక్కి కాలవ దాటింది. కుక్క వెనక్కి వచ్చి, రాత్రి తాను పడుకున్న గుంటను ఒకసారి వాసన చూసి, మందను అందుకోవడానికి పరుగెత్తింది.