వీపు సంచీ, భిక్షాపాత్ర: జంట ప్రయాణంలో త్యాగమెంత?

థేరవాద బౌద్ధ భిక్షువు తనవని చెప్పుకోదగ్గ వస్తువులు ఎనిమిదే. నడుముకు చుట్టుకునే వస్త్రం, పైన కప్పుకునే వస్త్రం, రెండు పొరల దుప్పటి లాంటి వస్త్రం, భిక్షాపాత్ర, నడికట్టు, మంగలికత్తి, సూది, నీళ్లు వడగట్టుకునే గుడ్డ. వీటిని అష్ట పరిష్కారాలు అంటారు. ఆగ్నేయాసియా నగరాలు చూడటానికి వీపు సంచీలతో బయల్దేరే భార్యాభర్తల సామాను కూడా ఇంచుమించు ఇంతే కుదించుకుని ఉంటుంది. చౌక విమానాల్లో చేతి సామానుకు సాధారణంగా 7 కిలోలే పరిమితి. అందుకని మనిషికి నాలుగు జతల బట్టలు, ఒక తువ్వాలు, కాసిని మందులు, ఫోను, పాస్‌పోర్టు మాత్రం ఉంచుకుని మిగతావి ఇంట్లోనే వదిలేస్తారు. తెల్లవారుజామున బ్యాంకాక్‌లోనో, లావోస్‌లోని లువాంగ్ ప్రబాంగ్‌లోనో ఈ రెండు రకాల బాటసారులు ఒకే వీధిలో ఎదురుపడతారు. ఇద్దరి బరువూ తక్కువే. అలాగని ఇద్దరిదీ ఒకే త్యాగమా? ఇంటిని వదలని దంపతులకు త్యాగం అసలు సాధ్యమా? ఈ ప్రశ్నలకు భారతీయ చింతన చాలా కాలం కిందటే జవాబులు వెతికింది. ఆ జవాబుల్లో కొన్ని ఈ నగరాల వీధుల్లో ఈనాటికీ ఆచరణలో ఉన్నాయి.

పాత్రకున్న నియమాలు

భిక్షువుల నియమావళిని వినయం అంటారు. థేరవాద వినయం భిక్షువుకు 227 నియమాలు విధించింది. వాటిలో కొన్ని నేరుగా వస్తువులకు సంబంధించినవి. అదనంగా మరో పాత్ర దొరికితే దాన్ని పది రోజులకు మించి దగ్గర ఉంచుకోకూడదు. ఉన్న పాత్ర పగిలి ఐదు చోట్ల అతుకు పడితే తప్ప కొత్తది అడగకూడదు. ఈ రోజు తీసుకున్న అన్నాన్ని రేపటికి దాచుకోకూడదు. మధ్యాహ్నం దాటాక భోజనం చేయకూడదు. డబ్బు ముట్టుకోకూడదు.

వీటన్నిటి వెనక ఉన్న ఆలోచన ఒక్కటే. రేపటికి ఏమీ మిగుల్చుకోని మనిషి ప్రతి ఉదయమూ జనం ముందుకు వెళ్లి తీరాలి. భిక్షువుకు అడవిలో ఒంటరిగా, ఎవరితో పనిలేకుండా బతికే వీలు లేకుండా ఈ నియమాలు కట్టడి చేశాయి. ఊరు పెడితేనే అతనికి తిండి. అతను వస్తేనే ఊరికి దానం చేసే అవకాశం. ఇక్కడ తక్కువ వస్తువులు ఉండటం స్వేచ్ఛకు గుర్తు కాదు. ఇతరుల మీద ఆధారపడటానికి సిద్ధపడి, ఆ సంగతి దాచుకోకుండా ఒప్పుకోవడానికి గుర్తు.

యాత్రికుల జంటకు ఈ నియమాలేవీ లేవు. సంచీలో బట్టలు తక్కువైనా జేబులో ఏటీఎం కార్డు ఉంటుంది. తిరుగు ప్రయాణపు టికెట్టు ఉంటుంది. తాళం వేసి వచ్చిన ఇల్లు ఎదురుచూస్తూ ఉంటుంది. కొలతకు పెట్టవలసింది సంచీ బరువు ఒక్కటే కాదు, వెనక ఉన్న భరోసా కూడా. ఆ లెక్కన ఏడు కిలోల సంచీ చాలా బరువైనదే.

వీధిలో పుణ్యం

బ్యాంకాక్‌లో బ్యాక్‌ప్యాకర్లు ఎక్కువగా దిగే వీధి ఖావో సాన్. థాయి భాషలో ఆ మాటకు వండని బియ్యం అని అర్థం. ఒకప్పుడు అక్కడ బియ్యం వ్యాపారం సాగేది. ఆ వీధికి నడిచి వెళ్లే దూరంలోనే వాట్ బొవొన్నివేట్ అనే ప్రసిద్ధ విహారం ఉంది. 1824లో సన్యసించి 1851 వరకు భిక్షువుగా ఉండి, ఆ తర్వాత నాలుగో రాముడిగా సింహాసనం ఎక్కిన మోంకుట్ ఒకప్పుడు ఆ విహారానికి అధిపతి. రాత్రి పొద్దుపోయేదాకా పాటలతో, బీరు దుకాణాలతో హోరెత్తే ఆ పేటలోకే తెల్లవారుజామున భిక్షువులు చెప్పుల్లేని కాళ్లతో నడిచి వస్తారు.

ఈ భిక్షాటనలో వినిపించే మాటలు తెలుగువారికి కొత్తవి కావు. పాత్రలో అన్నం పెట్టడాన్ని థాయిలో ‘తక్ బాత్’ అంటారు. ‘బాత్’ మన ‘పాత్ర’ నుంచి వచ్చిందే. దానితో వచ్చే ఫలం ‘బున్’, అంటే పుణ్యం. దానాన్ని వాళ్లు ‘తాన్’ అంటారు. భిక్షువు నోరు తెరిచి అడగడు, ఫలానాది కావాలని ఎంచుకోడు, పెట్టినందుకు కృతజ్ఞతలు చెప్పడు. పాత్ర మూత తీసి నిలబడతాడు, ఆశీర్వచనం చదివి ముందుకు సాగుతాడు. ధన్యత పొందింది పెట్టినవారే అన్నది అక్కడి నమ్మకం. అందుకే అన్నం పెట్టాక చేతులు జోడించేది దాతలే.

ఈ వీధిలో జంటకు ఒక మర్యాద ఉంది. స్త్రీ పెట్టే అన్నం నేరుగా పాత్రలోనే పడుతుంది. ఆమె చెయ్యి భిక్షువుకు తగలకూడదు. విహారంలో స్త్రీ ఏదైనా వస్తువు సమర్పిస్తే భిక్షువు ఒక గుడ్డ పరిచి దాని మీద అందుకుంటాడు. మొదటిసారి చూసే దంపతులకు ఇది స్త్రీని తక్కువ చేయడంలా తోచవచ్చు. నియమం మాత్రం భిక్షువు బ్రహ్మచర్యాన్ని కాపాడటానికి అతని మీద పెట్టిన కట్టడి. దానం చేసే విషయంలో స్త్రీకి అడ్డు లేదు. ఉదయపు భిక్షలో ముందు నిలిచేవారిలో చాలామంది స్త్రీలే.

లువాంగ్ ప్రబాంగ్‌ను యునెస్కో 1995లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అప్పటి నుంచి అక్కడి ఉదయపు భిక్ష పర్యాటకుల పట్టికలో చోటు సంపాదించుకుంది. స్థానికులు చెప్పులు విడిచి, భుజం మీదుగా కండువా వేసుకుని, కూర్చుని ఒక్కొక్క పాత్రలో జిగురు అన్నపు ముద్ద వేస్తారు. వాళ్ల ఎదుట కెమెరాలు గుంపు కడతాయి. దూరంగా నిలబడండి, ఫ్లాష్ వేయకండి, మౌనం పాటించండి అని ఊళ్లో సూచనలు రాసిపెట్టవలసి వచ్చింది. దానం చేయాలనుకునే పర్యాటకుల కోసం అన్నం బుట్టలు రోడ్డు మీదే అమ్మకానికి వచ్చాయి.

అక్కడ ఆ బుట్ట కొని భిక్షువు పాత్రలో వేసిన జంట చేసింది దానమేనా? బౌద్ధ గ్రంథం అంగుత్తర నికాయం దాతకు మూడు లక్షణాలు చెబుతుంది. ఇవ్వబోయే ముందు సంతోషం, ఇస్తున్నప్పుడు నిర్మలమైన మనసు, ఇచ్చాక తృప్తి. భగవద్గీత పదిహేడో అధ్యాయం దేశం, కాలం, పాత్రత చూసి, బదులు ఆశించకుండా ఇచ్చినదాన్ని సాత్త్విక దానమంది. ఈ రెండు కొలతల్లోనూ అన్నం ఎవరు వండారన్న ప్రశ్న లేదు. ఇచ్చేటప్పుడు మనసు ఎక్కడుందన్నదే ప్రశ్న. ఫొటో కోసం వేసిన ముద్దకు బదులు ఫొటో రూపంలో అప్పటికే ముట్టింది. అదే బుట్టను కెమెరా సంచీలో పెట్టి, కూర్చుని, తలవంచి ఇస్తే అది దానమే.

గుమ్మం ముందు ఆకుదొప్ప

భిక్షువు లేని చోట కూడా ఈ నగరాలు రోజును ఇవ్వడంతోనే మొదలుపెడతాయి. బాలి ద్వీపంలోని డెన్‌పసార్‌లో ప్రతి ఉదయం ఇంటి ముందు, దుకాణం మెట్టు మీద, కాలిబాట పక్కన కొబ్బరాకుతో అల్లిన చిన్న దొప్పలు కనిపిస్తాయి. వీటి పేరు ‘చనాంగ్ సారి’. లోపల తమలపాకు, వక్క, సున్నం పెట్టి, వాటి మీద దిక్కుకో రంగు చొప్పున పూలు అమరుస్తారు. తూర్పుకు తెలుపు, దక్షిణానికి ఎరుపు, పడమరకు పసుపు, ఉత్తరానికి నీలం లేదా ఆకుపచ్చ. ఆకు, వక్క, సున్నం త్రిమూర్తులకు గుర్తని బాలి హిందువులు చెబుతారు. ‘సారి’ అంటే సారం. దేవతలు సారాన్ని స్వీకరించాక మిగిలిన దొప్పను పట్టించుకోరు. మధ్యాహ్నానికి అది వాడిపోతుంది, మర్నాడు మళ్లీ కొత్తది.

వియత్నాంలోని హో చి మిన్ నగరంలో చాలా దుకాణాల గుమ్మం దగ్గర నేల మీదే భూదేవతకు, సంపద దేవుడికి చిన్న పీఠం ఉంటుంది. చాంద్రమాసంలో మొదటి రోజున, పదిహేనో రోజున పళ్లు, పూలు, అగరువత్తులు ప్రత్యేకంగా పెడతారు. వత్తి కాలిపోయాక ఆ పళ్లు ఇంటివాళ్లు తింటారు. ఇది మన ప్రసాదం లాంటిదే.

బస చేసిన చోటు నుంచి టిఫిను కోసం బయటికి వచ్చే జంట రోజూ వీటిని దాటుకుంటూనే నడుస్తుంది. దొప్పను తొక్కకుండా అడుగు పక్కకు వేయడం, గుడిలోకి వెళ్లేటప్పుడు మోకాళ్లు, భుజాలు కప్పుకోవడం, బుద్ధ విగ్రహం వైపు కాళ్లు చాపకుండా కూర్చోవడం, గుడిలో ఒకరి చెయ్యి ఒకరు వదలడం, ఇవన్నీ చిన్న పనులు. అయితే ప్రతి ఒక్కటీ తమ సౌకర్యాన్ని కొంచెం వదులుకోవడమే. సంచీలో తగ్గించిన బట్టల కన్నా ఈ వదులుకోవడంలోనే త్యాగం పాలు ఎక్కువ.

చౌకతనం వేరు, అపరిగ్రహం వేరు

యోగసూత్రాలు చెప్పే ఐదు యమాల్లో చివరిది అపరిగ్రహం. అవసరానికి మించి స్వీకరించకపోవడం అని దాని సారం. జైనులకు అది మహావ్రతం. రోజు ఖర్చు ఎంత తగ్గిస్తే అంత గొప్ప యాత్ర అనుకునే అలవాటు పైకి అపరిగ్రహంలాగే కనిపిస్తుంది. ఈ రెండింటి దిశలు మాత్రం వేరు. అపరిగ్రహి తాను తీసుకునేది తగ్గించుకుంటాడు. చౌక కోసం పట్టుబట్టే యాత్రికుడు ఎదుటివారికి ఇచ్చేది తగ్గిస్తాడు. టుక్‌టుక్ నడిపే మనిషితో న్యాయమైన ధర కన్నా తక్కువకు బేరమాడి మిగిల్చుకున్న డబ్బు త్యాగఫలం కాదు, ఆ మనిషి కూలిలో కోత. బేరం అక్కడి అంగళ్ల ఆచారమే. నవ్వుతూ మొదలై ఇద్దరికీ సమ్మతమైన చోట ఆగే బేరంలో తప్పేమీ లేదు. ఎదుటివారి అవసరాన్ని పసిగట్టి ఇంకా నొక్కడం మొదలైన చోటే తప్పు మొదలవుతుంది.

ఇదే వరుసలో మరో దృశ్యాన్నీ పరిశీలించాలి. సంపన్న దేశాల నుంచి వచ్చిన కొందరు యువ యాత్రికులు ఆగ్నేయాసియా నగరాల కాలిబాటల మీద కూర్చుని, ప్రయాణం కొనసాగించడానికి సాయం చేయండని అట్ట మీద రాసుకుని డబ్బు అడుగుతుంటారు. వాళ్లు అడిగేది చాలాసార్లు తమ కన్నా బీదవారినే. భిక్షువు చెయ్యీ చాచినదే, వీళ్ల చెయ్యీ చాచినదే అనడం సరికాదు. భిక్షువు నోటితో అడగడు, డబ్బు తీసుకోడు, రేపటికి దాచుకోడు, ఊరికి ధర్మం చెబుతాడు, చావులకూ శుభకార్యాలకూ వస్తాడు. ఆ బంధం ఏదీ లేకుండా చాచిన చెయ్యి పాత్ర కాలేదు.

ఇద్దరి దారి

బుద్ధుడు సారనాథ్‌లో తొలి శిష్యులను లోకహితం కోసం నలుదిక్కులకూ పంపినప్పుడు, ఒకే దారిలో ఇద్దరు వెళ్లవద్దని చెప్పాడని వినయపిటకం చెబుతుంది. భిక్షువు దారి ఒంటరి దారి. అయితే దంపతులు ఆ ధర్మానికి బయటివారా?

దీనికి జవాబు నకులపిత, నకులమాతల కథలో ఉంది. భగ్గ దేశంలోని సుంసుమారగిరిలో ఉండే ఈ ముసలి దంపతులు బుద్ధుణ్ణి ఒకటే అడిగారు. ఈ జన్మలోనూ వచ్చే జన్మలోనూ ఒకరినొకరు చూసుకుంటూ ఉండాలంటే ఏం చేయాలి? ఆ కోరిక బంధమని బుద్ధుడు కొట్టిపారేయలేదు. శ్రద్ధలో, శీలంలో, త్యాగంలో, ప్రజ్ఞలో ఇద్దరూ సమానంగా ఉంటే అది జరుగుతుందన్నాడు. ఇక్కడ త్యాగమంటే ఇల్లు విడవడం కాదు. ఇంట్లోనే ఉంటూ పిసినారితనం లేని మనసుతో, చేతులు చాచి ఇచ్చే గుణం.

థాయిలాండ్ పెళ్లి ఆచారం ఈ మాటను ఒక దృశ్యంగా మలిచింది. పెళ్లినాటి ఉదయం వధూవరులిద్దరూ ఒకే గరిటె పట్టుకుని భిక్షువుల పాత్రల్లో అన్నం వేస్తారు. ఇద్దరి చేతులూ కలిసి కదిలితేనే ఆ మెతుకులు పాత్రలో పడతాయి. కలిసి పుణ్యం చేసినవారు మళ్లీ కలుసుకుంటారని అక్కడివారి విశ్వాసం.

వైదిక సంప్రదాయమూ ఇద్దరి దారిని కాదనలేదు. వానప్రస్థానికి వెళ్లేవాడు భార్యను కొడుకుల దగ్గర విడిచి వెళ్లవచ్చు, లేదా వెంట తీసుకుని వెళ్లవచ్చు అని మనుస్మృతి రెండు మార్గాలూ చెప్పింది. తెలుగువారి పెళ్లిలో వరుడు గొడుగు, కర్ర పట్టుకుని కాశీకి బయల్దేరతాడు. వధువు తరఫువారు ఎదురెళ్లి, గృహస్థుగా ఉండమని నచ్చజెప్పి వెనక్కు తెస్తారు. ఆ వేడుకలో కాశీ దారి మూసుకుపోదు. వయసు మళ్లాక దంపతులు కలిసి నిజంగానే కాశీకి వెళ్తారు, ఇష్టమైన పండో కూరో అక్కడ వదిలి వస్తారు. యాత్ర నుంచి ఏం తెచ్చారన్నదానితో పాటు ఏం వదిలి వచ్చారన్నది కూడా మన పెద్దలు అడిగే ప్రశ్న.

నెలల తరబడి ఒకే గదిలో, ఒకే బస్సులో, ఒకే పటం చూసుకుంటూ తిరిగే జంటకు ఈ ప్రశ్న రోజూ ఎదురవుతుంది. రాత్రి బస్సులో కిటికీ పక్క సీటు ఎవరిది, సీసాలో మిగిలిన నీళ్లు ఎవరివి, ఒకరికి జ్వరం వస్తే రెండోవారు ఎప్పటి నుంచో చూడాలనుకున్న ఆలయాన్ని వదులుకుంటారా, దారి తప్పినప్పుడు తప్పు ఎవరిదన్న వాదన ఎవరు ముందు ఆపుతారు. భిక్షువును ఎవరూ చూడని చోట కూడా పట్టి ఉంచడానికి 227 నియమాలున్నాయి. దంపతులకు అలాంటి పుస్తకం లేదు. పక్కన నడిచే మనిషే వాళ్ల వినయం.

వీపు సంచీ తేలికైనంత మాత్రాన ప్రయాణం సన్యాసం కాదు, ఇద్దరు కలిసి వెళ్లినంత మాత్రాన భోగమూ కాదు. తోటి మనిషికి, దారిలో తిండీ నీడా ఇచ్చిన ఊరికి చేతిలోంచి ఏది వదిలారన్నదే త్యాగానికి కొలత. ఆ కొలతకు నిలవాలంటే ఇల్లు విడవనక్కర్లేదు, సంచీ సర్దనక్కర్లేదు. ఇద్దరూ ఒకే గరిటె పట్టుకోగలిగితే చాలు.