రాతి మీది అంకెకు ప్రమాణమేది?

శ్రీశైలం జలాశయం నిండితే కూడవెల్లి సంగమేశ్వరాలయం మునగక తప్పదని తేలాక, కృష్ణా తుంగభద్రలు కలిసేచోట ఉన్న ఆ చాళుక్యుల గుడిని రాయి రాయీ విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. నాగర్‌కర్నూల్ వైపు సోమశిల, జటప్రోలు గుళ్లూ అలాగే గట్టెక్కాయి. ఇలాంటి పనిలో రాయి కదిలే ముందే దాని మీద అంకె పడుతుంది; ఎన్నో వరసలో ఎన్నో రాయి, ఏ ముఖం బయటికి రావాలన్నది పటంలోకి ఎక్కుతుంది. టెక్నికల్ రైటింగ్ అనగానే హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీల మాన్యువళ్లే గుర్తొస్తాయి గానీ, పనిని ఎన్నడూ చూడని మనిషి చేత తప్పు లేకుండా చేయించే రాత ఏదైనా ఆ జాతిదే. మయమతం లాంటి శిల్పశాస్త్రమూ, పూజాక్రమం చెప్పే ఆగమమూ ఆ కోవలోవే. అలాంటి రాతను దేన్ని బట్టి నమ్మాలి?

గౌతముడి న్యాయసూత్రాలు ఆప్తుడి మాటను ప్రత్యక్ష, అనుమాన, ఉపమానాల సరసన ప్రమాణంగా నిలిపాయి. విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగింది ఎరిగినట్టు చెప్పాలన్న కోరిక ఉన్నవాడే ఆప్తుడని వాత్స్యాయనుడి భాష్యం. ఈ లక్షణం ఋషికైనా మ్లేచ్ఛుడికైనా ఒకటేనట. అలాగైతే రాతి మీద అంకె వేసినవాడూ ఆప్తుడే. అయితే అలంపురం చేరి సంగమం దగ్గర లేని దేవుడు సంగమేశ్వరుడెలా అవుతాడని ఎవరైనా అడగవచ్చు, అడగాల్సిన మాటే. సోమశిలకు అవతలి గట్టున సప్తనదీ సంగమేశ్వరాలయాన్ని కదిలించలేదు. ఏడాదిలో ఎక్కువ నెలలు అది నీళ్లలోనే ఉంటుంది. నీరు తగ్గాక వేపదారు లింగానికి పూజలు మొదలవుతాయి. అక్కడ చోటు మిగిలింది, అలంపురంలో అమరిక మిగిలింది. అంకె వేసినవాడు అమరికకే సాక్షి, చోటు సంగతి అతను చెప్పలేడు. గుడి విప్పాల్సివస్తే మూర్తిలోని శక్తిని కలశంలోకి తీసే కళాపకర్షణను ఆగమం విడిగా విధించడం వెనక కూడా, రాళ్ల లెక్కతో పని పూర్తికాదన్న ఎరుక ఉందనిపిస్తుంది.

టేపులు, ఫొటోలతో సాగిన పని ఇప్పుడు లేజర్ స్కానర్లకు, డ్రోన్లకు చేరింది. సూచనలు రాసిపెట్టే ఏఐ కూడా వచ్చింది. యంత్రం మిల్లీమీటరు కూడా వదలదు, ఇక మనిషి ఎరుకతో పనేముందంటే నేను ఒప్పుకోను. స్కానర్‌కు కనబడేది పైముఖమే. అతుకు లోపల రాళ్లు ఎలా ఒరుసుకున్నాయో, ఏది మొదటి దిమ్మో, ఏది మరమ్మతులో చొప్పించిందో విప్పుతున్న చెయ్యే చెప్పాలి. మాన్యువల్ రాసేవాళ్లూ ఇంజినీరు చెప్పింది విని రాసేవాళ్లే కదా అంటారా? నిజమే. వాళ్లది అరువు ఎరుక. పనివాడి దగ్గర సరిచూసుకున్నంత మేరకే చెల్లుతుంది. ఇంకో గడుసు వాదం మీమాంసకుల దగ్గర దొరుకుతుంది. కర్త లేని వాక్యానికి కర్త దోషం అంటదు, వేదం అందుకే ప్రమాణం అంటారు వాళ్లు. మరి ఏఐ రాతకూ కర్త లేడుగా! ఎందుకు లేరు, లెక్కలేనంత మంది ఉన్నారు. వాళ్లు రాసినవాటి నుంచే, వాళ్ల పొరపాట్లతో సహా, అది మాటలు అల్లుతుంది. ఆ పొరపాట్లు ఎవరివో మనకు తెలియదు, అంతే. అదే పటం చూసి కట్టే మేస్త్రీ అయితే, రాయి కుదరకపోతే గీసినవాడిని పిలిపించి ఏ వరసలో తప్పిందని అడగగలడు.