ఒక్క ఆర్డరే వచ్చిన రోజు

అమ్మలూ, నిన్న ఫోన్లో అడిగావుగా, నీ చేతికొచ్చిన పాత పెర్ల్ కోడంతా ఎక్స్ఎమ్ఎల్ సింపుల్ మీదే నడుస్తోంది, కొత్త స్క్రిప్టుకీ అదే పెట్టేస్తే ఏం పోతుంది బాబాయ్ అని. పని మధ్యలో సరిగ్గా చెప్పలేకపోయాను.

కొత్త కోడులో దీన్ని వాడొద్దని ఆ మాడ్యూల్ రాసిన గ్రాంట్ మెక్‌లీనే దాని డాక్యుమెంటేషన్లో రాసిపెట్టాడు. బదులుగా ఎక్స్ఎమ్ఎల్ లిబ్ఎక్స్ఎమ్ఎల్ లాంటివి చూడమన్నాడు. తన చేత్తో చేసినదాని గురించి అంత నిజాయితీగా చెప్పినవాడి మాట వినాలమ్మా. నేను వినలేదు.

మాకు రోజూ ఆర్డర్ల ఫైలు వచ్చేది. పదో ఇరవయ్యో ఆర్డర్లుంటే ఎక్స్ఎమ్ఎల్ సింపుల్ అర్రే ఇచ్చేది, నా లూపు హాయిగా తిరిగేది. ఒక పండగనాడు ఒక్క ఆర్డరే వచ్చింది. ఒక్కటే ఉంటే ఈ మాడ్యూలు అర్రే కట్టదు, నేరుగా హ్యాష్ చేతిలో పెడుతుంది. స్క్రిప్టు అక్కడే ఆగిపోయింది. నెలల తరబడి నడిచిన కోడు కదా, లోపం డేటాలోనే ఉండుంటుందని తెల్లవార్లూ ఫైలే వెతికాను. నేమ్, కీ, ఐడీ అనే పేర్లు కనబడితే ఇంకో తంటా: జాబితాను వాటి పేరు మీద హ్యాష్‌గా మడిచేస్తుంది. వరస పోతుంది. రెండింటికి ఒకే ఐడీ ఉంటే ఒకటి మాయం.

అలాగని పాత కోడంతా తిరగరాయకు. ఒక్కటున్నా అర్రేగానే ఇమ్మని చెప్పే ఫోర్స్‌అర్రే ఎక్కడ పెట్టలేదో చూసి పెట్టు. ఆర్డర్లు లేని ఫైలు, ఒకటే ఉన్నది, రెండున్నది, మూడూ పెట్టి నడిపి చూడు. నిలబడితే వదిలెయ్.

నువ్వే రాసుకుని నువ్వే చదువుకునే చిన్న సెట్టింగ్స్ ఫైలుకైతే ఇప్పటికీ వాడొచ్చంటాను. అప్పుడు కూడా దాని స్ట్రిక్ట్ మోడ్ పెట్టుకునే వాడుకో. ఫోర్స్‌అర్రే, ఏ పేరు మీద మడవాలో చెప్పే కీఅట్ర్ రెండూ నీ నోటితో చెప్పించందే అది కదలదు.

బయటివాళ్లు పంపే ఫైలుకి మాత్రం వద్దు తల్లీ. రేపు దానిలో ఏముంటుందో నీ చేతిలో లేదు. లిబ్ఎక్స్ఎమ్ఎల్‌లో ఎక్స్‌పాత్ రాసి ఫైండ్‌నోడ్స్ అడిగితే ఒకటున్నా వందున్నా జాబితాయే ఇస్తుంది, ఏమీ లేకపోతే ఖాళీ జాబితా. ఎక్స్‌పాత్ మొదట్లో కాస్త కొరుకుడు పడదు. ఆదివారం లాప్‌టాప్ తీసుకుని ఇంటికి రా, ఆ ఆర్డర్ల ఫైలుతోనే మొదలుపెడదాం.