ఆమె విడిచిన వస్తువులు ఎవరివి?



ఇంటి పెద్ద కన్నుమూసిన తరువాత ఆయన వస్తువులు ఎవరికి చెందవలెనని మీరెప్పుడైన ఆలోచించితిరా? మన కొత్తగూడెము గని కార్మికుల యిండ్లలో అన్నపు క్యారియరు, అరిగిన బూట్లు, ఒక చేతిగడియారము మిగులును. కొందరు వాటిని కన్నీళ్లతో దాచుకొందురు. కొందరు వాటికొరకే కలహింతురు. అయితే ఆయన నెత్తిమీద వెలిగిన దీపము మాత్రము ఇంటికి రాదు. దానిని లాంపు రూములో తీసికొని, షిఫ్టు దిగగానే అక్కడనే అప్పగింపవలెను. బ్రతుకంతయు దాని వెలుగులో పనిచేసినను, అది నాదని ఏ కార్మికుడును అనడు.

రేడియమును కనుగొనిన మేరీ క్యూరీని గూర్చి చదివినప్పుడు నాకు ఆ దీపమే తలంపునకు వచ్చినది. ఆమె 1867లో పోలండు దేశములో పుట్టెను. 1895లో తన పెండ్లికి ముదురు నీలపు దుస్తులు కుట్టించుకొనెను. తరువాత ప్రయోగశాలలో పనికి ధరించుటకు వీలుగా నుండునని. భర్త పియరుతో కలిసి 1898లో రేడియమును కనుగొనెను. దాని కిరణములతో కేన్సరు గడ్డలకు చికిత్స ఆరంభమాయెను. నేడు మనవారు హైదరాబాదు వెళ్లి పెట్టించుకొను “కరెంటు” రేడియముతో కాదు గాని, ఆ వైద్యపు వేళ్లలో ఒకటి అక్కడ నున్నది.

ఆ దంపతులు పేటెంటు హక్కు తీసికొనక, తయారీ విధానమును లోకమంతటికి తెలిపిరి. 1906లో పియరు బండిక్రింద పడి మరణించెను. 1914లో యుద్ధము రాగా ఆమె తన బంగారు పతకములను కరగించుకొనుడని యిచ్చెను, బ్యాంకువారు ఒప్పుకొనలేదు. వారు మంచిపనే చేసిరని నా అభిప్రాయము.

1921 నాటికి ఆమె పరిశోధనకే రేడియము చాలదాయెను. అమెరికా స్త్రీలు లక్ష డాలర్లు ప్రోగుచేసి ఒక గ్రాము కొనియిచ్చిరి. ముందటి రాత్రి దానపత్రము చదివి ఆమె ఆగెను. అది తన పేర నున్నచో, తన మరణానంతరము కుమార్తెల సొత్తగును. అది ప్రయోగశాలకు చెందవలెనని, ఆ రాత్రియే న్యాయవాదిని పిలిపించి మార్పించెను.

తండ్రిలేని యిద్దరు ఆడపిల్లల నోటికాడి కూడు తీసివేయుట ధర్మమా? మీలో తల్లులైనవారు ఈ మాట అడుగుదురు, అడుగవలసినదే. పేటెంటు విషయములో మరొకరు వేరుగా చేసియున్నచో నేను తప్పుపట్టను; అది వారి కష్టార్జితము. కాని ఈ గ్రాము అట్టిది కాదు. ఇచ్చినవారు పనికొరకు ఇచ్చిరి. అది ఆమె చేతిలోని దీపమే. పెద్దకుమార్తె ఐరీన్ ఆ ప్రయోగశాలలోనే పనిచేసి 1935లో నోబెల్ బహుమానము పొందెను. 1956లో రక్తపు కేన్సరుతో మరణించెను.

మేరీయు కిరణముల వలన రక్తము క్షీణించి 1934లో మరణించెను. ఆమె నోటు పుస్తకములు పారిస్ జాతీయ గ్రంథాలయములో సీసపు పెట్టెలలో నున్నవి. కాగితములకు అంటిన రేడియము ఇంకను కిరణములు విడుచుచున్నది. దాని బలము సగమగుటకే 1600 ఏండ్లు పట్టును. వాటిని చూడగోరువాడు, వచ్చు అపాయము తనదేయని సంతకము చేసి లోపలికి పోవలెను.