వీడ్కోలు విందు - సామాన్ల దగ్గర మిగిలిన బాలుడు



ఫిబ్రవరి నెల సగం గడిచిందంటే చాలు, మన పాణ్యం, నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల ఉన్నత పాఠశాలల్లో పదో తరగతి పిల్లల వీడ్కోలు సభల సందడి మొదలవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఏటా సుమారు 6 లక్షల మంది పిల్లలు పదో తరగతి పరీక్షలు రాస్తారు. అంటే ఈ సందడి దాదాపు ప్రతి వీధికీ, ప్రతి మొహల్లాకూ వస్తుంది. తొమ్మిదో తరగతి పిల్లలు వేదిక అలంకరిస్తారు. కేకు కోస్తారు, ఉపాధ్యాయులకు శాలువాలు కప్పుతారు. గ్రూప్ ఫోటో, పేరు చెక్కిన షీల్డు, ఒకరి పుస్తకంలో ఒకరి సంతకాలు, ఇవన్నీ జ్ఞాపికలు.

బేతంచెర్లలో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీకి కూలికి వెళ్లే ఒక సోదరుడు పాణ్యంలో జుమా నమాజు అయ్యాక ఇలా అడిగారు: "మౌల్సాబ్, మా పాపది పదో తరగతి. ఫేర్‌వెల్‌కు తలా ఐదు వందలు వేసుకుంటాండారంట. కొత్త గుడ్డలు వేరే. ఇయ్యకుంటే బడికే పోనంటాంది. ఇది జాయెజేనా, కాదా?"

ఆయన అడిగింది జాయెజ్, నాజాయెజ్ గురించే. కానీ ఆ ప్రశ్న కింద ఇంకో ప్రశ్న ఉంది. నలుగురి సంతోషం పేరుతో ఒకడి జేబులోంచి, ఒకడి మనసులోంచి ఎంత తీసుకోవచ్చు?

ముందు ఒక మాట తేల్చుకోవాలి. వీడ్కోలు సభ అసలు చేయకూడదనీ, అది ఇతరుల అనుకరణ అనీ కొందరు పెద్దలు అంటుంటారు. వారి జాగ్రత్తను గౌరవిస్తాను గానీ ఆ తీర్పుతో ఏకీభవించలేను. ఇది ఆరాధన కాదు, ఎవరూ దీన్ని పుణ్యకార్యంగా భావించి చేయడం లేదు. ఇది లోకంలోని ఒక ఆచారం. ఆచారాల విషయంలో మన ధర్మవేత్తల సూత్రం ఏమిటంటే, నిషేధానికి ఆధారం దొరికేదాకా అవి ధర్మసమ్మతమే. కాబట్టి సభ పేరును కాదు, సభలో జరిగేదాన్ని చూడాలి.

పైగా చదువు ఒక మజిలీకి చేరినప్పుడు సంతోషపడటం మన సంప్రదాయానికి కొత్త కాదు. అరబ్బులు వేర్వేరు విందులకు వేర్వేరు పేర్లు పెట్టుకున్నారు. పెళ్లి విందు వలీమా, బిడ్డ పుట్టినప్పటి జిబహ్ అఖీఖా. అలాగే బాలుడు ఖుర్ఆన్ చదవడంలో నేర్పు సాధించినప్పుడు పెట్టే విందును హిజాఖ్ అన్నారు. ఫిఖహ్ గ్రంథాల్లో విందుల జాబితాలో ఇది కనబడుతుంది. హజ్రత్ ఉమర్ (రజి) బఖరా సూరాను పన్నెండేళ్లపాటు నేర్చుకుని, పూర్తయిన రోజు ఒంటెను జిబహ్ చేశారనే ఉల్లేఖనాన్ని ఇమామ్ ఖుర్తుబీ తన తఫ్సీర్‌లో చేర్చారు. ఇక్కడ ఒంటె ఎవరిదో గమనించండి. నేర్చుకున్న ఆయన తన ఒంటెను జిబహ్ చేసి ఇతరులకు పెట్టారు. తోటివారి దగ్గర తలా ఇంత అని వసూలు చేయలేదు.

ఇక వీడ్కోలు. మాలిక్ బిన్ హువైరిస్ (రజి) తన అనుభవాన్ని చెప్పిన హదీసు బుఖారీలో ఉంది. ఆయనా, ఆయన మిత్రులూ అందరూ ఇంచుమించు ఒకే వయసు కుర్రవాళ్లు. దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) దగ్గర ఇరవై రాత్రులు ఉండి ధర్మం నేర్చుకున్నారు. మనం ఒక తరగతి అంటామే, అచ్చం అలాంటి బృందం. వారికి ఇంటి మీద బెంగ పుట్టిందని ప్రవక్త (స) వారు అడక్కుండానే గ్రహించారు. ఇంట్లో ఎవరెవరు ఉన్నారని విచారించారు. మీ వాళ్ల దగ్గరికి వెళ్లండి, నేర్చుకున్నది వాళ్లకు నేర్పండి, నమాజు వేళకు ఒకరు అజాన్ ఇవ్వండి, మీలో పెద్దవాడు ఇమామత్ చేయండి అని ఒక్కో పనీ అప్పగించి పంపారు. ఆయన ఎంతో మృదువైనవారు, దయగలవారు అని మాలిక్ (రజి) చెప్పుకున్నారు. పిల్లవాడి మనసులో ఏం మెదులుతోందో గురువు కనిపెట్టడం, వెళ్లే చోట చేయవలసిన పని చెప్పడం, ఆ వీడ్కోలు సభ అంతే.

ముఆజ్ బిన్ జబల్ (రజి) గారిని యమన్‌కు పంపినప్పుడు ఆయన వాహనం మీద, ప్రవక్త (స) నేల మీద నడుస్తూ ఊరి బయటిదాకా సాగనంపారని ముస్నద్ అహ్మద్‌లో ఉంది. మళ్లీ కలవలేకపోవచ్చని చెబితే ముఆజ్ (రజి) ఏడ్చారు. విడిపోయేటప్పుడు కన్నీరు రావడం బలహీనత కాదు. పదేళ్లు ఒక బెంచీ మీద కూర్చున్న పిల్లలు ఏడిస్తే నవ్వకండి.

జ్ఞాపికకూ ఆధారం ఉంది. మదీనాకు వచ్చిన ప్రతినిధి బృందాలు తిరిగి వెళ్లేటప్పుడు ప్రవక్త (స) వారికి కానుకలు ఇచ్చేవారు. ఆఖరి జబ్బులో కూడా, నేను ఇచ్చినట్లే మీరూ బృందాలకు కానుకలివ్వండని వసీయత్ చేశారు. ఇది బుఖారీలో ఉంది. ఈ బృందాల్లో ఒకటి తుజీబ్ తెగవారిది. హిజ్రీ 9వ సంవత్సరంలో పదముగ్గురు వచ్చారు. వెళ్లేటప్పుడు వారికి మిగతా బృందాల కంటే మెరుగైన కానుకలు ఇమ్మని ప్రవక్త (స) బిలాల్ (రజి) గారికి చెప్పారు. ఆ తర్వాత ఆయన అడిగిన ప్రశ్నే ఈ వ్యాసం రాయడానికి కారణం. మీలో ఎవరైనా మిగిలిపోయారా అని అడిగారు.

ఉన్నాడు, ఒక కుర్రవాడు, అందరికంటే చిన్నవాడు, సామాన్ల దగ్గర వదిలి వచ్చాం అన్నారు వారు. పిలిపించండి అన్నారు ప్రవక్త (స). ఆ బాలుడు వచ్చి, నా అవసరం నా తోటివారి అవసరం లాంటిది కాదు, అల్లాహ్ నన్ను క్షమించాలనీ, కరుణించాలనీ, నా కలిమిని నా హృదయంలోనే ఉంచాలనీ దుఆ చేయండి అని కోరుకున్నాడు. ప్రవక్త (స) ఆ దుఆ చేశారు. అంతటితో ఆపలేదు. దుఆ అడిగాడు కదా, కానుక ఎందుకులే అనుకోలేదు. మిగతావారికి ఎంత ఇచ్చారో అంతే అతనికీ ఇప్పించారు. మరుసటి ఏడు హజ్‌లో మినా దగ్గర ఆ తెగవారు కనబడితే ఆ బాలుడు ఎలా ఉన్నాడని విచారించారు. ఇబ్నె సఅద్ తబఖాత్‌లోనూ, ఇబ్నుల్ ఖయ్యిమ్ జాదుల్ మఆద్‌లోనూ ఈ వృత్తాంతం ఉంది.

ఇప్పుడు మన తరగతి గదిలోకి రండి. సామాన్ల దగ్గర మిగిలినవాడు ఎవడు? ఐదు వందలు ఇవ్వలేక ఆ రోజు జ్వరం అని చెప్పి ఇంట్లో ఉండిపోయినవాడు. అందరూ ఒకే రంగు దుస్తులు వేసుకురావాలన్నారు కాబట్టి పక్కింటివాళ్ల చొక్కా అరువు తెచ్చుకున్నవాడు. వలీమా విందు గురించి ప్రవక్త (స) చేసిన హెచ్చరిక మనకు తెలుసు. ధనికులను పిలిచి పేదలను వదిలేసే విందు తిండి అన్నిటికంటే చెడ్డ తిండి అన్నారు. వలీమా సున్నత్. సున్నత్ అయిన విందుకే ఆ మాట వర్తిస్తే, మన కేకు ముక్కకు వర్తించదా?

"అందరూ ఇష్టపడే ఇచ్చారండీ, బలవంతం లేదు" అంటారు నిర్వాహకులు. ఇక్కడే కాస్త ఆగి ఆలోచించాలి. ఒక ముస్లిం సొమ్ము అతని మనఃపూర్వక అంగీకారం లేకుండా ధర్మసమ్మతం కాదని హదీసు చెబుతోంది. మరి సిగ్గుతో ఇచ్చింది అంగీకారమేనా? ఇమామ్ గజాలీ (రహ్మ) ఇహ్యాలో దీన్ని విడమర్చారు. మందిలో అడిగితే కాదనలేక ఇచ్చిన సొమ్మును ఆయన లాక్కున్న సొమ్ముతో సమానం చేశారు. కొరడా ఒంటి మీద పడుతుంది, సిగ్గు గుండె మీద పడుతుంది, దెబ్బ దెబ్బే అన్నది ఆయన వాదన సారాంశం. మౌలానా అష్రఫ్ అలీ థానవీ (రహ్మ) మదరసాల చందాల విషయంలోనే ఈ ఒత్తిడిని ఎంత గట్టిగా ఖండించారో ఉర్దూ చదివినవారికి తెలిసిందే. దీనీ పనికే ఒప్పుకోనిది డీజే బాక్సుల అద్దెకు ఎలా ఒప్పుకుంటాం? తరగతిలో పేర్ల జాబితా గోడకు అంటించి, ఇచ్చినవారి పేరు ఎదుట టిక్కు పెడుతుంటే, ఖాళీగా ఉన్న పేరు నలభై మంది ముందు నిలబడ్డట్టే.

దీనికి మార్గం కష్టమేమీ కాదు. డబ్బు ఎవరు ఎంత ఇచ్చారో ఒక్క ఉపాధ్యాయుడికి తప్ప ఎవరికీ తెలియకుండా మూసిన డబ్బాలో వేయించవచ్చు. ఎంత వస్తే అంతలోనే సభ జరపవచ్చు. దుస్తుల నిబంధన అసలే వద్దు, స్కూలు యూనిఫాం ఉన్నదే అందుకు. జ్ఞాపిక అందరికీ ఒక్కటే ఉండాలి, రానివాడి ఇంటికి కూడా అది చేరాలి. స్కూలు యాజమాన్య కమిటీల్లో మన తల్లిదండ్రులు కూడా సభ్యులుగా ఉంటారు. సభ అయ్యాక ఇంట్లో గొణుక్కునే బదులు జనవరిలోనే ఈ మాట చెప్పవచ్చు. హిందూ సోదరుల్లో కూడా ఈ బాధ పడే తండ్రులు ఎందరో ఉన్నారు. వారూ మీతో గొంతు కలుపుతారు.

మరి మొదటి ర్యాంకు వచ్చినవారికి ప్రత్యేక బహుమతి ఇవ్వకూడదా? ఇవ్వవచ్చు. ప్రతిభకు బహుమతి వేరు, వీడ్కోలు కానుక వేరు. అయితే కొలత ఎలా ఉండాలో చూడండి. ప్రవక్త (స) గుర్రపు పందేలు పెట్టినప్పుడు తర్ఫీదు పొందిన గుర్రాలకు హఫ్‌యా నుంచి సనియ్యతుల్ వదా దాకా దూరం నిర్ణయించారు. తర్ఫీదు లేని గుర్రాలకు సనియ్య నుంచి బనూ జురైఖ్ మస్జిదు దాకా తక్కువ దూరం పెట్టారు. పందెంలో పాల్గొన్న ఇబ్నె ఉమర్ (రజి) స్వయంగా చెప్పిన సంగతి ఇది, బుఖారీలో ఉంది. ట్యూషన్ పెట్టించుకున్నవాడికీ, సెలవుల్లో మిరప కోతకు వెళ్లి వచ్చి చదివినవాడికీ ఒకే గీత గీసి ఎవరు ముందని చూడటం న్యాయమనిపించుకోదు. ఆ రెండోవాడు పాసైతే చాలు, అతనికీ ఒక బహుమతి ఉండాలి.

ప్రభుత్వాలు కూడా పదో తరగతి పిల్లలను సన్మానిస్తూ వచ్చాయి. అబ్దుల్ కలాం గారి పేరుతో ప్రతిభా పురస్కారాలు ఇచ్చేవారు. మౌలానా అబుల్ కలాం ఆజాద్ జన్మదినం నవంబరు 11, జాతీయ విద్యా దినోత్సవం నాడు. 2019 నవంబరులో ఆ పురస్కారాల పేరు మార్చబోయి, విమర్శలు వచ్చాక ఆ ఉత్తర్వును రద్దు చేశారు. 2023 జూన్‌లో జగనన్న ఆణిముత్యాలు అన్నారు. 2025 జూన్‌లో షైనింగ్ స్టార్స్ అన్నారు. పిల్లలకు డబ్బు, పతకం అందాయి, మంచిదే. కానీ ఇచ్చేవారి పేరు గురించి జరిగిన చర్చలో సగమైనా పుచ్చుకున్న పిల్లల గురించి జరిగిందా? మన ఊళ్ల సంగతీ ఇంతే. షీల్డు మీద దాత పేరు, ఆయన తండ్రి పేరు, దుకాణం పేరు బంగారు అక్షరాల్లో ఉంటాయి. పిల్లవాడి పేరు స్టిక్కరు మీద ఉంటుంది, వానాకాలం వస్తే అదీ ఊడిపోతుంది! దివ్యఖుర్ఆన్ ఇన్సాన్ సూరా 8, 9 వాక్యాల్లో అన్నం పెట్టి, మీ నుంచి ప్రతిఫలం గానీ కృతజ్ఞత గానీ ఆశించడం లేదని చెప్పే సజ్జనుల ప్రస్తావన ఉంది. బఖరా సూరా 264వ వాక్యం ఉపకారాన్ని ఎత్తిపొడిచి దానాన్ని పాడుచేసుకోవద్దని హెచ్చరిస్తోంది. షీల్డు మీద పెద్ద అక్షరాలు ఏళ్ల తరబడి గోడ మీద వేలాడే ఎత్తిపొడుపు కాదా?

ఇదంతా స్కూళ్లను మాత్రమే అనడం న్యాయం కాదు. మన మదరసాల దస్తార్‌బందీ జల్సాల్లోనూ ఇది ప్రవేశించింది. ఒక హాఫిజ్ బాలుడి మెడలో ముఖం కనబడనన్ని పూలదండలు, నోట్ల దండలు. పక్కనే నిలబడ్డ యతీమ్ బాలుడికి మదరసావారు వేసిన ఒక్క దండ. ఇద్దరి గుండెల్లో ఉన్నది అదే ముప్పై పారాల ఖుర్ఆన్. దండలు వేదిక మీద వద్దు, ఇంటికి వెళ్లాక వేసుకోండి అని నాజిమ్ సాహెబులు ఒక్క మాట చెబితే సరిపోతుంది. ఇంట్లో చేసే బిస్మిల్లాహ్ ఫంక్షన్ దగ్గర నుంచే ఈ పోటీ మొదలవుతోంది, దాని గురించి మరోసారి రాయవచ్చు.

సభలో పాటలు, ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి నృత్యాలు, వీటి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అవి మనకు ధర్మసమ్మతం కావని మీకు తెలుసు. పిల్లలకు ముందే ప్రేమగా చెప్పండి. ప్రసంగాలు, గురువుల సన్మానం అయ్యేదాకా ఉండి, ఆ భాగం మొదలయ్యేముందు లేచి రావచ్చు. ఇంట్లో కట్టేయడం వల్ల పిల్లకు ధర్మం మీద ప్రేమ పెరగదు. గ్రూప్ ఫోటో విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయం ఉంది. మీరు విశ్వసించే ఆలిమ్‌ను అడిగి ఆచరించండి, వేరే అభిప్రాయం ఉన్నవారిని నిందించవద్దు. గురువుకు కృతజ్ఞత చెప్పడం మాత్రం ఐచ్ఛికం కాదు. మనుషులకు కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కు కూడా చూపనట్లేనన్న హదీసు ముస్లిం గురువుకే పరిమితం కాదు. తెలుగు చెప్పిన మాస్టారు, లెక్కలు చెప్పిన టీచరు, మధ్యాహ్న భోజనం వండిన అమ్మ, అందరూ అందులోకి వస్తారు. వంటమ్మను వేదిక మీదికి పిలిచిన సభలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.

మళ్లీ తుజీబ్ బాలుడి విషయానికి వస్తే, ప్రవక్త (స) ఏడాది తర్వాత అతని గురించి అడిగారు. మనం అడుగుతున్నామా? మన ఇళ్లలో ఎందరో ఆడపిల్లలకు ఆ ఫేర్‌వెల్ నిజంగానే ఆఖరి బడి రోజు అవుతోంది. తోటి పిల్లలు ఇంటర్‌లో చేరతారు, ఈ పిల్ల కుట్టుమిషను ముందు కూర్చుంటుంది లేదా పెళ్లి మాటలు వింటుంది. కుట్టుపని తప్పు కాదు, వయసు వచ్చాక పెళ్లి తప్పు కాదు. కానీ బాగా చదివే పిల్లను, ఆమె అభిప్రాయం అడక్కుండా, ఖర్చు భయంతో ఆపేయడం సరికాదు. ఆ ఖర్చు చాలాసార్లు మనం పండుగకు పెట్టేదానికంటే తక్కువే.

కాబట్టి ఆ నాపరాళ్ల సోదరుడికి చెప్పింది ఇది. చందా మీ చేతనైనంత ఇవ్వండి, చేతకాకపోతే హెడ్‌మాస్టరు గారితో చెప్పండి, అందులో సిగ్గుపడవలసింది మీరు కాదు. పాపను యూనిఫాంలో పంపండి. అప్పు చేసి కొత్త బట్టలు కొనవద్దు. ఏపీఆర్‌జేసీ ప్రవేశ పరీక్షకు దరఖాస్తులు సాధారణంగా మార్చిలోనే పెట్టాలి, సంబరంలో పడి ఆ గడువు దాటనివ్వకండి. ఒకవేళ తప్పితే సప్లిమెంటరీ ఉంది, ఓపెన్ స్కూలు ఉంది. ఊరి మస్జిదు కమిటీవారు షీల్డులు కొనాలనుకుంటే, ఆ డబ్బుతో జూన్‌లో ఏ పిల్ల కాలేజీలో చేరలేదో ఇల్లిల్లూ తిరిగి కనుక్కుని ఆమె ప్రవేశ రుసుము కట్టవచ్చు. రసీదు మీద మాత్రం ఎవరి పేరూ వేయించవద్దు.