ఆశ్రయపురం దారి

చెట్టు నరుకుతుండగా గొడ్డలి పిడి నుంచి ఊడి ఎగిరి పక్కనున్నవాడికి తగులుతుంది. అతడు చనిపోతాడు. ద్వితీయోపదేశకాండం 19వ అధ్యాయం ఇచ్చే ఉదాహరణ ఇది. చంపినవాడి మనసులో పగ లేదు. అయినా చనిపోయినవాడి దగ్గరి బంధువు కత్తి పట్టుకుని బయలుదేరితే ఆపేవారు లేరు. నెత్తురుకు నెత్తురు అన్నది ఆనాటి తెగల రివాజు. మోషే ధర్మశాస్త్రం ఆ రివాజును ఒక్కసారిగా తుడిచేయలేదు, పరుగెత్తేవాడికి ఒక ఊరు చూపించింది. తెలుగు బైబిలు ఆ ఊళ్లను ఆశ్రయపురాలు అంటుంది. దేవుణ్ణి ఆశ్రయించడం అనే మాట ఇవాళ ప్రార్థనల్లో మెత్తగా, ఓదార్పుగా వినిపిస్తుంది గానీ, దాని మూలాల్లో ప్రాణం అరచేత పట్టుకుని పరుగెత్తే మనిషి ఉన్నాడు.

యెహోషువ గ్రంథం ఆరు ఊళ్ల పేర్లు చెబుతుంది. యొర్దానుకు పడమట కెదెషు, షెకెము, హెబ్రోను. తూర్పున బేసెరు, రామోతు, గోలాను. ఆరూ లేవీయులకిచ్చిన 48 పట్టణాల్లోవే. ఉత్తరాన, నడుమన, దక్షిణాన ఒక్కొక్కటి చొప్పున నదికి ఇరువైపులా ఉండడంతో ఏ మూలవాడికైనా ఏదో ఒకటి దగ్గరపడేది. అక్కడికి వెళ్లే దారులు సిద్ధంగా ఉంచాలన్నది ఆజ్ఞ. ఇశ్రాయేలీయులతోపాటు వారి మధ్య నివసించే పరదేశికి కూడా ఆ గుమ్మం తెరిచే ఉండాలని సంఖ్యాకాండం 35వ అధ్యాయం ప్రత్యేకంగా చెబుతుంది. పారిపోయి వచ్చినవాడిది ఏ జాతి అని అడగని చట్టం ఏ కాలంలోనైనా అరుదే.

అయితే ఊళ్లో కాలు పెట్టినంత మాత్రాన అన్నీ తీరిపోవు. వచ్చినవాడు ఊరి గవిని దగ్గర నిలబడి, జరిగిందంతా పెద్దలకు చెప్పుకోవాలి. వాళ్లు లోపలికి చేర్చుకుని చోటిస్తారు. తరువాత సమాజం ముందు విచారణ జరుగుతుంది. కావాలని చంపాడని తేలితే అప్పగించేస్తారు. పొరపాటున జరిగిందని తేలితే ఆ ఊళ్లోనే ఉండనిస్తారు. పొలిమేర దాటితే మాత్రం ప్రాణానికి హామీ లేదు. డబ్బు కట్టి ముందుగా ఇంటికి వెళ్లే వీలూ లేదు. ఎంతకాలం ఉండాలి? అప్పటి ప్రధాన యాజకుడు చనిపోయేవరకు. అది ఒక ఏడాది కావచ్చు, ముప్పై ఏళ్లు కావచ్చు.

ఈ నియమం గురించి క్రీస్తు శకం 200 ప్రాంతంలో కూర్చిన యూదుల మిష్నా ఒక ముచ్చట చెబుతుంది. ఆశ్రయపురాల్లో ఉన్నవారికి ప్రధాన యాజకుల తల్లులు అన్నవస్త్రాలు అందించేవారట. తమ కొడుకు త్వరగా చనిపోవాలని లోపలివాళ్లు ప్రార్థించకుండా ఉండేందుకు! నవ్వొచ్చినా, ఆ తల్లుల లెక్కలో ఒక నిజం ఉంది. లోపలివాడి విడుదల యాజకుడి మరణంతో ముడిపడి ఉంది.

ఆశ్రయానికి ఒక హద్దు కూడా ఉంది. పన్నాగం పన్ని చంపినవాణ్ణి బలిపీఠం దగ్గర నుంచైనా లాక్కుపోవాలని నిర్గమకాండం అంటుంది. దావీదు సేనాధిపతి యోవాబు ఇద్దరు సేనానులను మోసంతో పొడిచి చంపాడు. సొలొమోను రాజయ్యాక యోవాబు వెళ్లి బలిపీఠం కొమ్ములు పట్టుకున్నాడు. అవి అతణ్ణి కాపాడలేదు.

కీర్తనల గ్రంథానికి వచ్చేసరికి ఆశ్రయం ఊరి పొలిమేర దాటి కొండల్లోకి వెళుతుంది. ఆశ్రయపురానికి హెబ్రీలో వాడిన మిక్లాత్ అనే మాటను కీర్తనకారులు దేవుడికి ఎక్కడా వాడలేదు. వాళ్ల మాటలు వేరు: బండ, ఎత్తైన చోటు, కొండకోట, వానకూ ఎండకూ తలదాచుకునే నీడ. యూదయ ఎడారిలో సున్నపురాతి గుట్టలు, గుహలు చూసినవాళ్ల మాటలవి. 57, 142 కీర్తనల శీర్షికలు అవి దావీదు గుహలో ఉన్నప్పటివని చెబుతాయి. సౌలు రాజు తరుముతుంటే దావీదు అదుల్లాము గుహకు చేరాడు. అక్కడికి అతని వెంట వచ్చిన సుమారు 400 మంది ఎలాంటివాళ్లో మొదటి సమూయేలు గ్రంథం దాచకుండా చెబుతుంది: ఇబ్బందుల్లో ఉన్నవాళ్లు, అప్పులపాలైనవాళ్లు, మనసు విరిగినవాళ్లు. వీరుల దండు కాదు అది. కీర్తనల్లో ధైర్యంతోపాటు ఫిర్యాదూ, కన్నీళ్లూ, దేవుడు ఎక్కడున్నాడన్న నిష్ఠూరమూ వినిపిస్తే ఆశ్చర్యం లేదు. నమ్మకం ఉన్నవాడు భయం లేనట్టు నటించాలని ఆ గ్రంథం ఎక్కడా కోరదు.

రాయీ కోటా అనే పోలికల పక్కనే మరొకటి ఉంది, రెక్కలు. రూతు కథలో ఈ పోలిక ఎంత దూరం వెళుతుందో చూడవచ్చు. మోయాబు దేశపు విధవరాలు రూతు పొలంలో పరిగె ఏరుకుంటుండగా, ఇశ్రాయేలు దేవుని రెక్కల కిందికి వచ్చావని పొలం యజమాని బోయజు ఆమెను దీవిస్తాడు. మరుసటి అధ్యాయంలో కళ్లం దగ్గర ఆమె అతణ్ణి కొంగు కప్పమని అడుగుతుంది. హెబ్రీలో రెక్కకూ బట్ట కొంగుకూ మాట ఒక్కటే, కనాఫ్. దేవుని రెక్క అని నువ్వన్నది నువ్వే కప్పు అని ఆమె అతని దీవెనను అతనికే అప్పజెప్పింది. సువార్తల్లో యేసు యెరూషలేమును చూసి వాపోయినప్పుడు వాడిన పోలిక కూడా రెక్కలదే. కోడి తన పిల్లల్ని చేర్చుకున్నట్టు చేర్చుకోవాలనుకున్నా వాళ్లు ఒప్పుకోలేదని ఆయన బాధ. గద్ద నీడ పడగానే పిల్లలు కోడి రెక్కల కింద దూరడం పల్లెటూరి పెరట్లో పెరిగినవాళ్లకు వివరించనక్కరలేదు.

కొత్త నిబంధనలో హెబ్రీయులకు రాసిన పత్రిక ఈ దారాలన్నిటినీ ఒకచోట కలుపుతుంది. ఆరో అధ్యాయం చివర శరణు కోరి పరుగెత్తి వచ్చినవారి మాట వస్తుంది, ఆత్మకు లంగరు లాంటి నిరీక్షణ మాట వస్తుంది, వెంటనే ప్రధాన యాజకుడిగా యేసు వస్తాడు. రచయిత ఆశ్రయపురాలను పేరెత్తి చెప్పలేదు గానీ, వాటి చట్టం తెలిసిన పాఠకుడికి పోలిక తట్టకమానదు. అక్కడ యాజకుడు చనిపోతే లోపలివాడు విడుదలయ్యేవాడు, ఇక్కడా అంతే. తేడా ఏమిటంటే, ఈ యాజకుడు మరణాన్ని దాటి బతికే ఉన్నాడని క్రైస్తవుల విశ్వాసం. మరో పెద్ద తేడా గుమ్మం దగ్గర ఉంది. ఆశ్రయపురం నిరపరాధికి మాత్రమే. సిలువ మీద యేసు పక్కన వేలాడిన దొంగ తన శిక్ష న్యాయమైనదేనని ఒప్పుకున్నాడు, అయినా అతనికి చోటు దొరికింది. యోవాబుకు మూసుకున్న తలుపు అక్కడ తెరుచుకుంది.

ఆశ్రయం దొరకడమంటే కష్టం పోవడమేనా? అపొస్తలుడైన పౌలు అనుభవం కాదంటుంది. తన శరీరంలోని ముల్లు తీసేయమని అతడు మూడుసార్లు వేడుకున్నాడు. ఆ ముల్లు ఏమిటో అతడు చెప్పలేదు. కంటిజబ్బని, మరేదో అని వ్యాఖ్యాతలు ఊహిస్తూనే ఉన్నారు. ముల్లు పోలేదు. కృప చాలునన్న జవాబు వచ్చింది, బలహీనతలోనే బలం పనిచేస్తుందన్న ఎరుక మిగిలింది.

తరువాతి శతాబ్దాల్లో చర్చిభవనాలే శరణాలయాలయ్యాయి. 399లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన సంఘటన ప్రసిద్ధం. అర్కాడియస్ చక్రవర్తి దగ్గర చక్రం తిప్పిన యూట్రోపియస్, చర్చిలో తలదాచుకునే హక్కును అంతకుముందే తగ్గించిన మనిషి. చక్రవర్తి ఆగ్రహానికి గురికాగానే తానే పరుగెత్తి వెళ్లి బలిపీఠాన్ని పట్టుకున్నాడు. బిషప్ క్రిసోస్తమ్ అతణ్ణి సైనికులకు అప్పగించలేదు. అతడు అందరికీ కనిపిస్తుండగానే అధికారం ఎంత అస్థిరమో ప్రసంగించాడు. కాపాడుతూనే అంత కఠినంగా మాట్లాడడం బాగుందా అంటే చెప్పడం కష్టం. యూట్రోపియస్ తరువాత చర్చి విడిచి బయటకొచ్చి, చివరికి మరణశిక్షకు గురయ్యాడు.

తెలుగునాట ఆశ్రయం అన్న మాట కూలిడబ్బు రూపంలోనూ వచ్చింది. 1876-78 కరవులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించాడు. మిషనరీ కాకముందు సర్వే పని చేసినవాడు కాబట్టి అది అతనికి కొత్త కాదు. అన్నం కోసమే క్రైస్తవులయ్యారన్న మాట రాకూడదని కరవు పనులు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. పనులు ముగిశాక కూడా జనం రావడం ఆగలేదు, వారిలో ఎక్కువమంది మాదిగలు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ నీళ్లలో నిలబడ్డారు.